రొమ్ము క్యాన్సర్ తిరగబెడుతోందని రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చా?

కృష్ణలంక
మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఎడమ రొమ్ములో గడ్డకు ఆపరేషన్, ఆ తరువాత కీమో, రేడియేషన్ జరిగాయి. గడ్డ రెండున్నర సెంటీమీటర్లు ఉందని, చంకలో రెండు లింఫు గ్రంథులకు పాకిందని, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ ఆసరాతో పెరిగే రకం), హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేని రకం) అని రిపోర్టులో రాశారు. అప్పటి నుంచి రోజూ ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లెట్రోజోల్ బిళ్ల వేసుకుంటోంది. ఆరు నెలలకోసారి చూపించడానికి వెళితే డాక్టరు గారు మెడ, చంకలు, ఆపరేషన్ మచ్చ తడిమి చూస్తారు, దగ్గు, ఎముకల నొప్పులు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు, ఏడాదికోసారి మామోగ్రామ్ రాస్తారు. అంతకు మించి ఏమీ లేదు. మా వీధిలోనే ఉండే మరొకావిడకు వేరే ఆస్పత్రిలో మూడు నెలలకోసారి సీఏ 15-3, సీఈఏ అనే రక్తపరీక్షలు చేస్తున్నారు. మాకెందుకు రాయరని అడిగితే అవసరం లేదన్నారు కానీ, ఎందుకు అవసరం లేదో వివరించే తీరిక ఆ రద్దీలో ఆయనకు దొరకలేదు. జబ్బు మళ్లీ వస్తోందని ముందుగా తెలిస్తే మంచిదే కదా? మేమేదైనా పోగొట్టుకుంటున్నామా? ఈ మధ్య రక్తంలో క్యాన్సర్ డీఎన్‌ఏను పట్టే పరీక్ష కూడా వచ్చిందని చదివాను. తెలిసినవారు చెప్పగలరు.

ఖమ్మం కోడలు
తప్పకుండా చేయించండి. మా అత్తగారికి సీఏ 15-3 రెండుసార్లు వరుసగా పెరిగితే పెట్ స్కాన్ తీశారు, వెన్నెముకలో మచ్చ బయటపడింది. అప్పటికి ఆవిడకు ఏ నొప్పీ లేదు. మందు మార్చారు, మూడేళ్లుగా తన పనులు తాను చేసుకుంటున్నారు. ఆ పరీక్షే లేకపోతే నడుము పట్టేసేదాకా మాకు తెలిసేది కాదు.

పరీక్ష నాళిక
నేను ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ విభాగంలో పని చేస్తాను కాబట్టి పరీక్ష ఏమిటో మాత్రం చెబుతాను, చేయించుకోవాలో వద్దో డాక్టర్లు చెప్పాలి.

సీఏ 15-3 అనేది మ్యూక్1 అనే ప్రొటీన్ నుంచి తెగి రక్తంలో కలిసే భాగం. జబ్బు జాడ కోసం రక్తంలో కొలిచే ఇలాంటి పదార్థాలను మార్కర్లు అంటారు. ఆ ప్రొటీన్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉంటుంది కానీ, మామూలు కణాల మీద కూడా ఉంటుంది. అందుకే కాలేయ వ్యాధులు ఉన్నవారిలో, గర్భిణులలో, అండాశయంలో నీటి బుడగలు ఉన్నవారిలో కూడా ఈ సంఖ్య పెరగవచ్చు. సీఈఏ అయితే పొగ తాగేవారిలో సైతం ఎక్కువగా కనిపిస్తుంది. మరోవైపు, జబ్బు మచ్చ దగ్గరో చంకలోనో మాత్రమే తిరగబెడితే సీఏ 15-3 చాలామందిలో అసలు కదలదు.

మరో రెండు విషయాలు మా కౌంటర్ దగ్గర ఎవరూ అడగరు, చెప్పరు. ఒకటి, ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో విధంగా కొలుస్తుంది. పోయినసారి ఒక ల్యాబ్‌లో 22 వచ్చి, ఈసారి మరో ల్యాబ్‌లో 29 వస్తే పెరిగిందని అనుకోవడానికి వీల్లేదు. రెండోది బయోటిన్. కీమో తరువాత జుట్టు రావాలని చాలామంది బయోటిన్ బిళ్లలు వేసుకుంటారు. కొన్ని యంత్రాలు పరీక్షలో బయోటిన్‌నే వాడుకుంటాయి కాబట్టి, రక్తంలో అది ఎక్కువగా ఉంటే మార్కర్ ఉన్నదానికంటే తక్కువగా కనబడే ప్రమాదం ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని గురించి హెచ్చరించింది. ఏ పరీక్షకు వెళ్లినా ఆ బిళ్లలు వేసుకుంటున్న సంగతి ముందే చెప్పండి.

ఆంకాలజీ వార్డు
మెడికల్ ఆంకాలజీలో శిక్షణ పొందుతున్న డాక్టరును. కృష్ణలంక గారూ, మీ అమ్మగారికి జరుగుతున్నది ప్రపంచమంతటా పాటించే పద్ధతే. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, నాలుగు, ఐదు సంవత్సరాలలో ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆ తరువాత ఏడాదికోసారి డాక్టరు పరీక్షించడం, ఏటా మామోగ్రామ్ తీయించడం. ఏ లక్షణమూ లేనివారికి మార్కర్లు, పెట్ స్కాన్లు, బోన్ స్కాన్లు మామూలుగా చేయవద్దని అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సొసైటీ 2012లో, అనవసరమైన పరీక్షల జాబితాలో చేర్చి మరీ చెప్పింది.

కారణం ఇది. ఇటలీలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు 1994లో వచ్చాయి. ఒకదానిలో 1,320 మంది స్త్రీలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు బోన్ స్కాన్, కాలేయానికి అల్ట్రాసౌండ్, ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేశారు. రెండో జట్టును మీ అమ్మగారిని చూస్తున్నట్టే చూశారు. బతికి ఉన్నవారి సంఖ్యలో తేడా కనిపించలేదు. రెండో అధ్యయనంలోనూ అంతే.

ఎందుకంటే తిరగబెట్టడంలో రెండు రకాలు ఉన్నాయి. రొమ్ములో, మచ్చ దగ్గర, చంకలో మళ్లీ గడ్డ వస్తే, అది తొందరగా దొరికితే పూర్తిగా నయం చేసే అవకాశం ఉంది. దాన్ని పట్టేవి తడిమి చూసే డాక్టరు చేయి, మామోగ్రామ్. ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకిన జబ్బును మందులతో ఏళ్ల తరబడి అదుపులో పెట్టగలం కానీ, చాలామందిలో పూర్తిగా తుడిచివేయలేం. ఆ మందులు ఆరు నెలలు ముందు మొదలుపెడితే రోగి ఎక్కువ కాలం బతుకుతారని ఇప్పటిదాకా ఏ అధ్యయనమూ నిరూపించలేదు.

ఖమ్మం కోడలు
అయితే మా అత్తగారికి జరిగిన మేలు మేలు కాదా?

ఆంకాలజీ వార్డు
అమ్మా, ఆవిడ బాగుండడం నిజంగా సంతోషించవలసిన విషయం. ఆ మూడేళ్లు మందు వల్ల వచ్చాయి, ఆ మందు నొప్పి మొదలయ్యాక ఇచ్చినా పని చేసేదే. ముందు తెలిసినందువల్ల ఆయుష్షు ఎంత పెరిగిందో ఒక్కరిని చూసి చెప్పలేం. ఒక మనిషికి జబ్బు తిరిగి వచ్చినట్టు జనవరిలో తెలిసినా, ఆగస్టులో తెలిసినా చివరి తేదీ ఒకటే అయితే, జనవరిలో తెలిసినవారు ఎక్కువ కాలం బతికినట్టు లెక్కల్లో కనబడుతుంది. ఈ పొరపాటు పడకుండా ఉండడానికే రెండు జట్లుగా విడదీసి చూస్తారు.

గణాంకాల సుబ్బు
డాక్టరు గారి వాదనలో ఒక బలహీనత ఉంది. ఆ ఇటలీ అధ్యయనంలో చేసిన రక్తపరీక్షలు కాలేయానికి సంబంధించిన ఎంజైములే తప్ప సీఏ 15-3 కాదు. పైగా అప్పటికి హెర్2 పాజిటివ్ రకానికి వాడే ట్రాస్టుజుమాబ్ లేదు, దానికి అనుమతి వచ్చింది 1998లో. హార్మోన్ పాజిటివ్ రకానికి వాడే పాల్బోసిక్లిబ్ వంటి మందులు 2015లో గానీ రాలేదు. ముప్పై ఏళ్ల కిందటి మందులతో ముందుగా కనిపెట్టడం వల్ల లాభం లేకపోయిందంటే, నేటి మందులతోనూ లాభం ఉండదని తేల్చేయడం సరికాదు. రుజువు లేకపోవడం వేరు, ప్రయోజనం లేదని రుజువు కావడం వేరు.

ఆంకాలజీ వార్డు
సుబ్బు గారు సరిగ్గా పట్టుకున్నారు, ఆ ప్రశ్న మా సెమినార్లలో కూడా వస్తుంది. అందుకే జర్మనీలో సర్వైవ్ అనే అధ్యయనాన్ని 2022 చివరలో మొదలుపెట్టారు. తిరగబెట్టే ముప్పు మధ్యస్థంగానో ఎక్కువగానో ఉన్న 3,500 మందిని తీసుకుని, సగం మందిని మామూలుగా చూస్తూ, మిగతా సగం మందికి మార్కర్లు, రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు, క్యాన్సర్ డీఎన్‌ఏ పరీక్షలు చేస్తూ వెళతారు. సమాధానం దొరికితే అక్కడ దొరకాలి. అప్పటిదాకా రోగి డబ్బుతో, రోగి మనశ్శాంతితో ఆ ప్రయోగం చేసే హక్కు మాకు లేదని నా అభిప్రాయం.

హనుమకొండ రాజు
మనశ్శాంతి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నా భార్యకు మొదట చూసిన చోట మూడు నెలలకోసారి మార్కర్ చేసేవారు. రక్తం ఇచ్చిన రోజు నుంచి రిపోర్టు ఫోనులోకి వచ్చేదాకా ఆమె అన్నం సరిగా తినేది కాదు. పిల్లలకు జడలు వేస్తూ వేస్తూ ఆగిపోయి ఫోను వైపు చూసేది. ఒకసారి 26 ఉన్నది 31 అయింది. పరిమితి దాటిందని స్కాన్ రాశారు, అందులో ఏమీ లేదు, తరువాతి నెలలో సంఖ్య తిరిగి 24కు వచ్చింది. స్కాన్ కోసం బంగారం తాకట్టు పెట్టాము. ఆ తరువాత డాక్టరును మార్చుకున్నాము, ఇప్పుడు మార్కర్లు చేయించడం లేదు. ఇది అందరికీ వర్తిస్తుందని అనను, మా ఇంట్లో మాత్రం ఆ పరీక్ష మానేశాకే మనిషి మామూలు మనిషి అయింది.

తెనాలి వాణి
నాది రాజు గారికి పూర్తిగా వ్యతిరేకమైన అనుభవం. నేనే రోగిని. రిపోర్టులో నార్మల్ అని చూసుకుంటేనే నాకు ఆ మూడు నెలలూ నిద్ర పడుతుంది. ప్రాణం నాది, భయం నాది. తెలుసుకునే హక్కు కూడా నాదే కదా.

పరీక్ష నాళిక
వాణి గారూ, హక్కు మీదే, అందులో సందేహం లేదు. అయితే ఆ నార్మల్ అనే మాటను ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసి ఉండాలి. జబ్బు ఇతర అవయవాలకు పాకినవారిలో కూడా చెప్పుకోదగినంత మందిలో సీఏ 15-3 పరిమితి దాటదు. చంకలో చేతికి తగులుతున్న గడ్డను, రక్తం బాగుంది కదా అని పట్టించుకోకుండా వదిలేసినవారిని నేను చూశాను. నా బాధ అదే.

పచ్చి పులుసు
మా పిన్నిది వింత కేసు. సీఏ 15-3 ఎక్కువ వచ్చింది, అన్ని స్కాన్లూ శుభ్రంగా ఉన్నాయి. ఇంటిల్లిపాదీ బెంగ పెట్టుకున్నాము. ఒక పెద్ద డాక్టరు గారు పాత రిపోర్టులన్నీ తిరగేసి, హిమోగ్లోబిన్ తక్కువగా ఉండడం, ఎర్ర కణాలు మామూలుకంటే పెద్దగా ఉండడం చూసి బీ12 పరీక్ష రాశారు. మా పిన్ని పుట్టు శాకాహారి, పాలు కూడా పడవు. బీ12 బాగా తక్కువగా ఉంది. ఇంజెక్షన్లు వేశాక రక్తహీనత తగ్గింది, మార్కర్ కూడా కిందికి దిగింది. ఇలా జరుగుతుందా, లేక కాకతాళీయమా?

ఆంకాలజీ వార్డు
జరుగుతుంది. బీ12 లోపం వల్ల వచ్చే మెగలోబ్లాస్టిక్ రక్తహీనతలో సీఏ 15-3 పెరగడం, చికిత్స చేస్తే తగ్గడం వైద్య సాహిత్యంలో నమోదైన విషయమే. మన దగ్గర శాకాహారులలో, ముఖ్యంగా పెద్ద వయసువారిలో బీ12 లోపం ఎంత సాధారణమో మీకు తెలుసు. పెట్ స్కాన్‌కు పంపే ముందు ఆ చిన్న పరీక్ష చేసిన డాక్టరు గారికి దణ్ణం పెట్టాలి.

డల్లాస్ మాధవి
డీఎన్‌ఏ పరీక్ష గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు ట్రిపుల్ నెగటివ్ రకం, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 మూడూ నెగటివ్ ఉన్న రకం వచ్చింది, ఇక్కడి ఆంకాలజిస్టు సిగ్నటెరా అనే పరీక్ష చేయిస్తున్నారు. మొదట ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను పరీక్షించి అందులోని జన్యుమార్పులను గుర్తిస్తారు, వాటిలో పదహారింటిని ఎంచుకుని నా ఒక్కదాని కోసమే ఒక పరీక్ష తయారు చేస్తారు. ఆ తరువాత రక్తం తీసినప్పుడల్లా ఆ మార్పులున్న డీఎన్‌ఏ తునకలు తిరుగుతున్నాయేమో వెతుకుతారు. సీఏ 15-3 వంటి ప్రొటీన్ ఎవరి రక్తంలోనైనా కొంత ఉంటుంది, ఇది మాత్రం నా గడ్డ గుర్తును వెతుకుతుంది. ఇంగ్లండ్‌లో 49 మంది మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు తిరగబెట్టిన 18 మందిలో 16 మందికి స్కాన్‌లో కనబడక ముందే ఈ పరీక్ష పాజిటివ్ వచ్చింది. కొందరిలో రెండేళ్ల ముందే వచ్చింది. సీఏ 15-3తో పోల్చి దీన్ని కూడా కొట్టిపారేయకండి.

గణాంకాల సుబ్బు
మాధవి గారు చెప్పినదానికి తోడు, లండన్‌లోని ఒక బృందం 2024లో మరింత సున్నితమైన పద్ధతి గురించి చెప్పింది. పదహారు కాదు, దాదాపు 1,800 మార్పులను వెతికారు. 78 మందిలో తిరగబెట్టిన 11 మందినీ పట్టుకుంది, సగటున పదిహేను నెలల ముందు. చిన్న అధ్యయనమే అయినా కొట్టివేయదగినది కాదు.

ఆంకాలజీ వార్డు
పరీక్షగా సీఏ 15-3 కంటే ఇది ఎంతో మెరుగైనదని నేనూ ఒప్పుకుంటాను. మెదడులో మాత్రమే తిరగబెడితే దీనికి కూడా తరచుగా చిక్కదు, అది గుర్తుంచుకోవాలి. నా ప్రశ్న అది కాదు. పాజిటివ్ వచ్చింది, స్కాన్‌లో ఏమీ లేదు. రేపు పొద్దున రోగికి ఏ మందు ఇవ్వాలి?

దీనికి సమాధానం వెతకబోయిన రెండు అధ్యయనాల ఫలితాలు చూడండి. బ్రిటన్‌లో సీ-ట్రాక్ టీఎన్ అని ట్రిపుల్ నెగటివ్ రోగుల మీద చేశారు. డీఎన్‌ఏ కనబడి, మందు ఇవ్వవలసిన జట్టులో పడ్డ 32 మందికి స్కాన్ తీస్తే, 23 మందికి అప్పటికే జబ్బు ఇతర అవయవాల్లో కనబడింది. రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే పెంబ్రోలిజుమాబ్ మందు మొదలుపెట్టింది ఐదుగురికే, వారిలో ఎవరికీ రక్తంలోని డీఎన్‌ఏ నిలకడగా మాయం కాలేదు. జెస్ట్ అని నిరాపరిబ్ మందుతో మరొకటి మొదలుపెట్టారు. దాదాపు 1,900 మందిని పరీక్షిస్తే ఎనిమిది శాతం మందికే పాజిటివ్ వచ్చింది, వారిలో సగం మందికి అప్పటికే జబ్బు కనబడుతోంది. చాలినంత మంది దొరకక అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

డల్లాస్ మాధవి
ఆ అధ్యయనాల గురించి నా డాక్టరు కూడా చెప్పారు. అవి ఈ దారి మూసుకుపోయిందని చెప్పడం లేదు, ఇంకా ముందుగా, ఇంకా తరచుగా పరీక్షించాలని చెబుతున్నాయని నేను అర్థం చేసుకున్నాను. ముందుగా తెలియడం వల్ల మేలు జరిగిన ఉదాహరణ కూడా ఉంది. సెరెనా-6 అనే అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. స్కాన్‌లో జబ్బు పెరగక ముందే, రక్తంలో హార్మోన్ మందుకు జబ్బు లొంగకుండా చేసే ఈఎస్ఆర్1 అనే జన్యుమార్పు కనబడగానే కామిజెస్ట్రెంట్ అనే మందుకు మార్చినవారిలో జబ్బు పదహారు నెలలు అదుపులో ఉంది, పాత మందు కొనసాగించినవారిలో 9.2 నెలలే.

ఆంకాలజీ వార్డు
నిజమే, మంచి అధ్యయనం. అయితే అందులో పాల్గొన్నది జబ్బు అప్పటికే పాకి, దానికి చికిత్స పొందుతున్నవారు. కృష్ణలంక గారి అమ్మగారి వంటివారు కాదు. జబ్బు పాకినవారిలో మందు పని చేస్తోందో లేదో చూడడానికి సీఏ 15-3ను మేము కూడా వాడతాము. అక్కడ కూడా కొత్త మందు మొదలుపెట్టిన తొలి నాలుగు నుంచి ఆరు వారాల్లో మార్కర్ పెరిగితే కంగారు పడము, మందు పని చేస్తున్నప్పుడు సైతం అలా జరుగుతుంది. ఖమ్మం కోడలు గారి అత్తగారికి ఇప్పుడు ఆ పరీక్ష చేస్తుంటే అది సబబే.

సిరిసిల్ల శారద
నాకు జబ్బు బయటపడి ఇది పన్నెండో ఏడు, అందుకని చెల్లెళ్లకు ఒక మాట. నాది కూడా హార్మోన్ పాజిటివే. ఐదేళ్లు దాటాయి కదా ఇక భయం లేదని చాలామంది బిళ్లలు మానేస్తారు, చూపించుకోవడం మానేస్తారు. మన రకంలో అది తగదు. రక్తపరీక్ష గురించి ఇంత చర్చిస్తున్నాము కానీ, బిళ్ల వేసుకుంటున్నారా లేదా అని ఇక్కడ ఒక్కరూ అడగలేదు.

ఆంకాలజీ వార్డు
శారద గారు అసలు చోటు పట్టుకున్నారు. 62,923 మంది సమాచారాన్ని కలిపి చూసి 2017లో ప్రచురించారు. అందరూ ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ ఉన్నవారు, ఐదేళ్లు హార్మోన్ చికిత్స పూర్తి చేసి అప్పటికి ఏ జబ్బూ లేనివారు. గడ్డ రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉండి, ఒకటి నుంచి మూడు గ్రంథులకు పాకినవారిలో, తరువాతి పదిహేనేళ్లలో దూరపు అవయవాల్లో జబ్బు బయటపడే అవకాశం 26 శాతమని తేలింది. వారిలో చాలామందికి చికిత్స పాత రోజుల్లో జరిగింది కాబట్టి ఇప్పటివారికి కొంత తక్కువే ఉండవచ్చు. ట్రిపుల్ నెగటివ్ రకంలో ముప్పు మొదటి మూడేళ్లలో ఎక్కువగా ఉండి తరువాత బాగా తగ్గుతుంది, హార్మోన్ పాజిటివ్ రకంలో నెమ్మదిగా, చాలాకాలం కొనసాగుతుంది. కృష్ణలంక గారూ, ఐదేళ్లు పూర్తయ్యేటప్పుడు బిళ్లను పొడిగించాలా అని డాక్టరును తప్పక అడగండి. గ్రంథులకు పాకినవారి విషయంలో తరచుగా పొడిగిస్తాము.

కృష్ణలంక
ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. శారద గారి మాట చదివి అమ్మను కూర్చోబెట్టి అడిగాను. కీళ్ల నొప్పులు ఎక్కువగా ఉన్న రోజుల్లో బిళ్ల వేసుకోవడం లేదట. ఎన్నాళ్లుగానో తనకే గుర్తు లేదు. నెలాఖరుకు స్ట్రిప్పులో బిళ్లలు మిగిలితే వాటిని దేవుడి గూటిలో పెట్టి, తరువాతి నెలకు వాడుకుంటోందట. నేను రక్తపరీక్ష గురించి డాక్టరుతో వాదిస్తున్నాను, అమ్మ నాతో ఈ సంగతి చెప్పలేదు. ఈ నొప్పులు బిళ్ల వల్లనా, ఎముకల్లోకి జబ్బు పాకడం వల్లనా అన్నది ఎలా తెలుస్తుంది?

సిరిసిల్ల శారద
అమ్మను కోప్పడకు తల్లీ. నాకూ ఆ నొప్పులు వచ్చాయి. పొద్దున లేవగానే వేళ్లు, మోకాళ్లు బిగుసుకుపోయి, పదడుగులు నడిస్తే సడలేవి. నా డాక్టరు బిళ్లను మరో కంపెనీది కాకుండా మరో మందుకే మార్చారు, నడక మొదలుపెట్టమన్నారు. భరించగలిగే స్థాయికి వచ్చింది.

ఆంకాలజీ వార్డు
లెట్రోజోల్ నొప్పులు సాధారణంగా రెండు వైపులా కీళ్లలో ఉంటాయి, పొద్దున ఎక్కువగా ఉండి కదిలితే తగ్గుతాయి. ఒకే చోట, రోజురోజుకూ పెరుగుతూ, రాత్రి నిద్ర లేపే నొప్పి వస్తే తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా తీసుకురండి. తగ్గని పొడి దగ్గు, ఆయాసం, కొత్తగా మొదలై తగ్గని తలనొప్పి, కామెర్లు, కారణం లేకుండా బరువు తగ్గడం, మెడలోనో చంకలోనో మచ్చ మీదనో గడ్డ, ఇవీ అంతే. లక్షణం ఉన్నప్పుడు స్కాన్ తీయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు, పైన చెప్పిన సూచనలన్నీ లక్షణాలు లేనివారి గురించే. లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుంది కాబట్టి ఎముకల గట్టిదనాన్ని కొలిచే డెక్సా స్కాన్ ఎప్పుడు తీశారో కూడా చూడండి. మార్కర్ కోసం దాచిన డబ్బుతో అది తీయించవచ్చు.

తెనాలి వాణి
నా మార్కర్లు మాననని ముందే చెబుతున్నాను కానీ, ఇకపై ఒకే ల్యాబ్‌లో చేయిస్తాను, బయోటిన్ సంగతి కూడా చెబుతాను. డెక్సా అనేది ఒకటుందని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

డల్లాస్ మాధవి
కృష్ణలంక గారికి ఒక్క సూచన. మీ అమ్మగారి ఆపరేషన్ ముక్క మైనంలో పెట్టిన బ్లాకుల రూపంలో ఆస్పత్రి పాథాలజీ విభాగంలో ఉంటుంది. వాటిని ఎన్నేళ్లు ఉంచుతారో, తీసుకోవడానికి ఏం దరఖాస్తు పెట్టాలో కనుక్కోండి. డీఎన్‌ఏ పరీక్ష ఇప్పుడు వద్దనుకున్నా, రేపు ఏ చికిత్సకైనా ఆ ముక్క అవసరం పడవచ్చు.

కృష్ణలంక
ఈ రోజు ఓపీకి వెళ్లి వచ్చాము. బిళ్లలు మానేస్తోందన్న మాట అమ్మ చేతే చెప్పించాను. డాక్టరు గారు ఈసారి కుర్చీ ముందుకు జరుపుకుని మరీ విన్నారు. లెట్రోజోల్ ఆపి అదే కోవకు చెందిన ఎక్సిమెస్టేన్ రాశారు, రోజూ భోజనం తరువాత వేసుకోమన్నారు. డెక్సాకు, విటమిన్ డీకి చీటీ ఇచ్చారు. ఐదేళ్లు దాటాక కూడా బిళ్ల కొనసాగించవలసి రావచ్చన్నారు. మార్కర్ ఊసు నేను ఎత్తలేదు. పాథాలజీ కౌంటర్లో బ్లాకుల గురించి అడిగితే పాత డిశ్చార్జి సమ్మరీలో ఉన్న బయాప్సీ నంబరుతో అర్జీ పెట్టమన్నారు, ఆ కాగితం కోసం బీరువా వెతుకుతున్నాను.